ఇంటర్మీడియట్ పారాగ్లైడర్ సైజు ఎలా ఎంచుకోవాలి: తూకం నుంచి మొదటి ఫ్లైట్ వరకు

“నా బరువు 68 కేజీలు. ఎస్ సైజు తీసుకోమంటారా, ఎం సైజు తీసుకోమంటారా?” సీజను మొదలయ్యే ముందు ఏటా నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవారిలో చాలామంది మహారాష్ట్రలోని కామ్షేట్‌లోనో హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్‌లోనో శిక్షణ పూర్తిచేసి, ఒకటి రెండు సీజన్లు స్కూలు వింగు (పారాగ్లైడర్ రెక్క) మీద ఎగిరి, సొంతంగా మొదటి ఇంటర్మీడియట్ వింగు కొనడానికి సిద్ధపడ్డవారు. అంటే ఈఎన్ (యూరోపియన్ ప్రమాణం) తరగతుల్లో అన్నింటికంటే తేలికైన ఎ తర్వాత వచ్చే బి తరగతికి చెందిన, ఒక్కరే ఎగిరే పారాగ్లైడర్ అన్నమాట. 68 అన్న ఒక్క అంకెతో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. వింగు మోసేది మీ ఒంటి బరువుతో పాటు మీతో గాలిలోకి లేచే ప్రతి వస్తువునూ, చివరికి తన సొంత బరువునూ. అందుకే సైజు ఎంపికను కాటాతో మొదలుపెట్టి, గాలిలో సరిచూసుకోవడంతో ముగించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఏ తరగతి వింగుకు మీరు సిద్ధంగా ఉన్నారన్నది మాత్రం మిమ్మల్ని గాలిలో చూసిన ఇన్‌స్ట్రక్టరే చెప్పాలి.

కావలసినవి

ఒక నమ్మకమైన కాటా, కొలత టేపు, మీరు నిజంగా వాడే హార్నెస్ (పైలట్ కూర్చునే పట్టీల సీటు), రిజర్వ్ (అత్యవసర) పారాచూట్, హెల్మెట్, బూట్లు, చలి దుస్తులు, వేరియో (ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపే పరికరం), రేడియో, నీళ్ల సీసాలు దగ్గర పెట్టుకోండి. కొనదలచిన వింగు మాన్యువల్, ఆ సైజుకు సంబంధించిన పరీక్షా నివేదిక కూడా ఉండాలి. హార్నెస్ ఇంకా కొనకపోతే, కొనబోయే మోడల్ బరువును దాని వివరాల పట్టిక నుంచి తీసుకుని లెక్కించండి. అరువు తెచ్చుకున్న స్కూలు హార్నెస్ బరువును వాడవద్దు.

1. పూర్తి బరువు తూచండి

ఎగిరేటప్పుడు వేసుకునేవన్నీ వేసుకుని, వింగును సంచిలో పెట్టి వీపున తగిలించుకుని, కాటా మీద నిలబడండి. అంకెను మరొకరు చదవాలి, ఎందుకంటే మీరు కిందికి వంగి చూస్తే అంకె కదిలిపోతుంది. ఇంట్లో బాత్రూమ్ కాటా ఉంటే, విప్పని 25 కేజీల బియ్యం బస్తాను ముందుగా దాని మీద పెట్టి చూడండి. అర కేజీకి మించి తేడా వస్తే ఆ కాటాను నమ్మవద్దు. కిరాణా గోదాములోనో రైస్ మిల్లులోనో ఉండే పెద్ద కాటా ఇంతకంటే మేలు. మూడుసార్లు తూచి సగటు తీసుకోండి.

నేను పైన చెప్పిన 68 కేజీల పైలట్ లెక్క ఇలా ఉంటుంది:

ఒంటి బరువు: 68.0 కేజీలు
దుస్తులు, బూట్లు, హెల్మెట్, గ్లవ్స్: 3.5
హార్నెస్, కారబైనర్లతో (వింగుకు తగిలించే కొక్కేలతో) సహా: 4.5
రిజర్వ్ పారాచూట్: 1.6
వింగు: 5.0
వేరియో, రేడియో, ఫోను, బ్యాటరీ: 1.0
రెండు లీటర్ల నీళ్లు: 2.0
తిండి, అదనపు జాకెట్, వింగు సంచి: 1.0
మొత్తం: 86.6 కేజీలు

ఒంటి బరువుకూ దీనికీ 18.6 కేజీల తేడా ఉంది. ఈ తేడాను “ఓ పది కేజీలు ఉంటుందిలే” అని అంచనా వేసేవారే తప్పు సైజు కొంటారు. అమెరికాలో ఉండి ఎగిరే మన వారు పౌండ్లలో తూచుకుంటే 0.4536తో గుణించి కేజీల్లోకి మార్చుకోవాలి. పట్టికలో కొన్ని అంకెలు పౌండ్లలో, కొన్ని కేజీల్లో వేసి కూడడం నేను చూసిన పొరపాట్లలో ఒకటి.

ఒక్క అంకెతో ఆగవద్దు. అతి తక్కువ సామానుతో ఒకసారి, చలికాలపు దుస్తులు, మూడు లీటర్ల నీళ్లతో ఒకసారి తూచి, కింది హద్దు, పై హద్దు రెండూ రాసుకోండి. మన పైలట్‌కు అవి 84, 90 అనుకుందాం.

2. వింగు వివరాల పట్టికను చదవండి

అందులో మీకు ముఖ్యమైనవి నాలుగే: బరువు పరిధి (ఆ సైజుకు కనిష్ఠ, గరిష్ఠ పూర్తి బరువులు), పరిచినప్పటి వైశాల్యం, ఎగిరేటప్పటి నీడ వైశాల్యం, యాస్పెక్ట్ రేషియో. నేల మీద చదునుగా పరిచి కొలిస్తే వచ్చేది మొదటి వైశాల్యం. గాలిలో విల్లులా వంగిన కనోపీ (వింగు గుడ్డ) నీడ నిటారుగా నేల మీద పడితే ఎంత ఉంటుందో అది రెండవది. నీడ వైశాల్యం సుమారు 15 శాతం తక్కువగా ఉంటుంది. ఇద్దరు స్నేహితులు రెండు వింగులను పోలుస్తూ ఒకరు ఈ వైశాల్యం, మరొకరు ఆ వైశాల్యం తీసుకుంటే వాదన ఎప్పటికీ తేలదు.

యాస్పెక్ట్ రేషియో అంటే రెక్కల పొడవును దానితోనే గుణించి, వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకె. పరిచినప్పటి పొడవు 11.7 మీటర్లు, వైశాల్యం 25.5 చదరపు మీటర్లు అయితే అది 5.37 అవుతుంది. నేటి ఈఎన్ బి వింగుల్లో ఈ అంకె ఎక్కువగా 5.0 నుంచి 5.8 వరకు ఉంటుంది. దీనిలో తొలి అంచున ఉన్నవాటిని లో బి అనీ, చివరి అంచున ఉన్నవాటిని హై బి అనీ పైలట్లు అంటారు; ప్రమాణంలో అలాంటి విభజన లేదు, అది వాడుక మాట మాత్రమే. స్కూలు వింగు నుంచి నేరుగా వచ్చేవారికి 5.4 లోపు ఉన్న వింగునే నేను సూచిస్తాను. పొడవు పెరిగేకొద్దీ రెక్క చివరలు బరువుగా ప్రవర్తిస్తాయి. కొలాప్స్ అయినప్పుడు (వింగులో కొంత భాగం ముడుచుకుపోయినప్పుడు) అది లైన్లలో (వింగుకు వేలాడే తాళ్లలో) చిక్కుకునే అవకాశం, దాన్ని మీరే చేతులతో సరిచేయవలసిన అవసరం రెండూ పెరుగుతాయి.

అక్షరాలను మాత్రం నమ్మవద్దు. ఒక కంపెనీ ఎం సైజు ఇంకో కంపెనీ ఎస్‌కు సమానం కావచ్చు. “నాది ఎం సైజు” అనే మాటకు పారాగ్లైడింగ్‌లో అర్థం లేదు.

3. బరువు పరిధిలో మీ స్థానం లెక్కించండి

లెక్క తేలిక. మీ పూర్తి బరువులోంచి పరిధి కింది అంకెను తీసివేసి, పరిధి వెడల్పుతో భాగించి, నూరుతో గుణించండి. ఉదాహరణ కోసం ఈ మూడు సైజులు ఉన్నాయనుకుందాం:

ఎస్: 23.5 చదరపు మీటర్లు, 65–85 కేజీలు
ఎం: 25.5 చదరపు మీటర్లు, 75–95 కేజీలు
ఎల్: 27.5 చదరపు మీటర్లు, 85–107 కేజీలు

86.6 కేజీల పైలట్ ఎస్ సైజు పరిధి దాటిపోయాడు. ఎం సైజులో అతని స్థానం 58 శాతం. 84 నుంచి 90 వరకు చూస్తే 45 నుంచి 75 శాతం. ఎల్ సైజులో మామూలుగా 7 శాతమే. సామాను తగ్గిన రోజున పరిధి కిందికే జారిపోతాడు. అతనికి ఎం సైజే సరైనది. ఎల్ వింగు తానే కొంచెం ఎక్కువ బరువుంటుంది కాబట్టి ఒక్కో సైజుకు విడిగా కూడాలి, కానీ ఆ తేడా సాధారణంగా పావు కేజీ లోపే ఉండడం వల్ల ఇక్కడ దాన్ని వదిలేశాను.

మొదటి ఈఎన్ బి వింగుకు నేను కోరుకునే చోటు 50 నుంచి 80 శాతం మధ్య. కారణం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: వింగు వేగమూ, కిందికి దిగే రేటూ బరువు వర్గమూలం ప్రకారం మారుతాయి, గ్లైడ్ నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. పై ఎం వింగు 95 కేజీల దగ్గర ట్రిమ్‌లో (బ్రేకులూ అదనపు వేగమూ వాడకుండా) గంటకు 38 కిలోమీటర్లు పోతే, 86.6 దగ్గర సుమారు 36.3, 75 దగ్గర 33.8 పోతుంది. ఈ నాలుగు కిలోమీటర్లు కాగితం మీద చిన్నవే. గంటకు 30 కిలోమీటర్ల లోయ గాలికి ఎదురుగా ల్యాండింగు వైపు వస్తున్నప్పుడు మాత్రం ఒకరు గంటకు 8 కిలోమీటర్ల చొప్పున ముందుకు సాగుతారు, మరొకరు 4 కూడా దాటరు.

హెచ్చరిక: వేర్వేరు సైజుల మధ్య చదరపు మీటరుకు ఎన్ని కేజీలన్న లెక్కను నేరుగా పోల్చవద్దు. పై పట్టికలోనే గరిష్ఠ బరువు దగ్గర ఎస్‌కు 3.62, ఎంకు 3.73, ఎల్‌కు 3.89 వస్తుంది. చిన్న వింగుకు లైన్లు పొట్టిగా ఉంటాయి, అది చురుగ్గా తిరుగుతుంది, కొలాప్స్ తర్వాత కూడా వేగంగా స్పందిస్తుంది. అందుకే తయారీదారులు చిన్న సైజులకు తక్కువ లోడింగు ఇస్తారు. తక్కువ బరువున్న పైలట్లు, ముఖ్యంగా మన అమ్మాయిలు, “అతని వింగు 3.8 దగ్గర బాగుంది కాబట్టి నేనూ అంతే పెట్టుకోవాలి” అనుకోవడం ప్రమాదకరం. లెక్క మీ సైజు పరిధిలోని శాతంలోనే చేయండి.

4. ఎగిరే చోటును బట్టి సవరించండి

బీర్ పైన ఉన్న బిల్లింగ్ టేకాఫ్ సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానిలో 79 శాతమే కాబట్టి, అదే వింగు అదే బరువుతో 12–13 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. టేకాఫ్‌లో మీరు పరుగెత్తవలసిన వేగం కూడా అంతే పెరుగుతుంది. గాలి లేని ఉదయం పరిధి పై అంచున ఉండి అక్కడ పరుగు మొదలుపెట్టేవారికి ఇది మొదటి పాఠం. అక్కడి ధౌలాధర్ పర్వతాల వెంబడి వసంతకాలపు బలమైన థర్మల్స్‌లో (వేడెక్కి పైకి లేచే గాలిలో) ఎగిరేవారికి మాత్రం 65–80 శాతం మేలు, ఎందుకంటే లోడు తగినంత ఉన్న వింగు బిగువుగా ఉండి చిన్న కొలాప్స్‌లను అడ్డుకుంటుంది. కొలాప్స్ అంటూ అయితే దాని స్పందన కూడా ఎక్కువ చురుగ్గా ఉంటుందని మరవకండి. అందుకే 90 శాతం దాటమని మొదటి వింగు కొనేవారికి చెప్పను.

కామ్షేట్‌లో రిడ్జ్ (కొండ అంచు) మీద మెల్లని గాలిలో ఎక్కువగా ఎగిరేవారు 45–65 శాతం మధ్య ఉంటే తేలిక లిఫ్ట్‌లో (పైకి లేపే గాలిలో) ఎక్కువసేపు నిలబడగలరు. రెండు చోట్లా ఎగురుతానంటే మధ్య స్థానంలో ఉండి, బీర్‌కు వెళ్లినప్పుడు నీళ్లు ఎక్కువ తీసుకెళ్లడం తేలికైన పరిష్కారం.

5. రెండు సైజుల మధ్య పడితే

మీ అంకె ఒక సైజులో 90 శాతం, పై సైజులో 15 శాతం అని వస్తే మూడు దారులున్నాయి. మొదటిది, పరిధులు వేరుగా ఉన్న ఇంకో మోడల్ వెతకడం. నేను ముందు చెప్పేది ఇదే. రెండవది, పెద్ద సైజు తీసుకుని నాలుగైదు లీటర్ల నీటిని బ్యాలస్ట్‌గా (కావాలని కలిపే అదనపు బరువుగా) వాడడం. బ్యాలస్ట్‌గా నీరే వాడండి, ఇసుకా రాళ్లూ వద్దు. సంచిని సీటు కిందో ముందో కదలకుండా కట్టాలి, వీపు రక్షణకూ వెన్నుకూ మధ్య గట్టి వస్తువేదీ ఉండకూడదు. మూడవది, తేలికైన హార్నెస్‌తో రెండు మూడు కేజీలు తగ్గించి చిన్న సైజులో ఇమడడం. అయితే బరువు తగ్గించడానికి వీపు రక్షణను వదులుకోవడం నాకు ఏ పరిస్థితిలోనూ సమ్మతం కాదు.

6. పరీక్షా నివేదికను మీ సైజుకే చూడండి

పారాగ్లైడర్ల పరీక్షా ప్రమాణం ఈఎన్ 926-2 ప్రకారం ప్రతి సైజునూ కనిష్ఠ బరువు దగ్గర, గరిష్ఠ బరువు దగ్గర విడివిడిగా ఎగిరి పరీక్షిస్తారు. స్విట్జర్లాండ్‌లోని ఎయిర్ టర్కాయిస్, జర్మనీలోని డీహెచ్‌వీ వంటి సంస్థల నివేదికల్లో ఒక్కో విన్యాసానికీ రెండు బరువుల దగ్గర వచ్చిన తరగతి విడిగా కనిపిస్తుంది. మొత్తం మీద బి అని ఉన్నా, పెద్ద అసిమెట్రిక్ (ఒక పక్క మాత్రమే ముడుచుకునే) కొలాప్స్‌లో ఏ బరువు దగ్గర బి వచ్చిందో, మిగతావాటిలో ఎన్నింటికి ఎ వచ్చిందో చూడండి. మీ స్థానం 80 శాతం అయితే గరిష్ఠ బరువు నిలువు వరుస మీకు ముఖ్యం. ఒకే మోడల్‌లో అన్నింటికంటే చిన్న సైజుకు వేరే తరగతి రావడం కూడా ఉంటుంది కాబట్టి, ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్న తరగతిని చూసి డబ్బు కట్టవద్దు. బరువు పరిధి బయట ఎగిరితే ఆ ధ్రువీకరణ మీకు వర్తించదు.

7. హార్నెస్, రిజర్వ్ సరిపోతాయో చూడండి

రెండు కారబైనర్ల మధ్య దూరాన్ని, హార్నెస్‌లో వేలాడుతూ ఉండగా, టేపుతో కొలవండి. పరీక్షలో వాడిన కొలత మాన్యువల్‌లో రాసి ఉంటుంది; సాధారణంగా 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య. ఛాతీ పట్టీని మరీ బిగిస్తే రైజర్లు (లైన్లను కారబైనర్లకు కలిపే పట్టీలు) మెలితిరిగే ప్రమాదం పెరుగుతుంది. మరీ వదిలితే కొలాప్స్‌లో శరీరం మూసుకున్న రెక్క వైపు ఎక్కువగా ఒరుగుతుంది.

రిజర్వ్ గరిష్ఠ లోడును మీ పై హద్దు బరువుతో, అంటే మన ఉదాహరణలో 90తో, పోల్చండి. బ్యాలస్ట్ తీసుకుంటే అదీ కలపాలి. రిజర్వ్‌ల కోసం ఉన్న ఈఎన్ 12491 ప్రమాణం గరిష్ఠ లోడు దగ్గర సెకనుకు 5.5 మీటర్ల వరకు దిగే వేగాన్ని అనుమతిస్తుంది. ఆ వేగంతో కొండ మీద దిగడం మోకాళ్లకు మంచిది కాదు కనుక, హద్దుకు పది పదిహేను కేజీల లోపలే ఉండేలా ఎంచుకోండి.

8. నేల మీద, తర్వాత గాలిలో సరిచూడండి

కొత్త వింగును ముందు చదునైన నేల మీద, మెల్లని గాలిలో కైటింగ్ చేయండి (గాలిపటంలా తలపైన నిలబెట్టండి). చేతులు పూర్తిగా పైకి వదిలినప్పుడు వెనక అంచు ఎక్కడా కిందికి లాగినట్టు కనిపించకూడదు. బ్రేకు (వెనక అంచును కిందికి లాగే తాడు) పట్టు ఐదు నుంచి పది సెంటీమీటర్లు కదిలాకే అంచు వంగడం మొదలుకావాలి. స్పీడ్ బార్ (వేగం పెంచడానికి కాళ్లతో నొక్కే కడ్డీ) నొక్కినప్పుడు వింగు ముందుకు వంగుతుంది కాబట్టి, పొట్టిగా కట్టిన బ్రేకులు అప్పుడు మీకు తెలియకుండానే అంచును లాగుతాయి. “బ్రేకులు చేతికి అందడం లేదు” అని ముడిని పైకి జరిపేవారు చాలామంది; కంపెనీ గుర్తు దగ్గరే ముడి ఉంచండి.

మొదటి ఫ్లైట్‌ను పరిచయమున్న కొండ మీద, సాయంత్రపు నెమ్మదైన గాలిలో పెట్టుకోండి. నేలకు ఎత్తుగా ఉన్నప్పుడు చేతులు పైకి వదిలి, గాలికి ఎదురుగా ఒక నిమిషం, అదే గీత మీద వెనక్కి ఒక నిమిషం నేరుగా ఎగిరి, జీపీఎస్ వేగాల సగటు తీసుకోండి. 2,000 మీటర్ల ఎత్తున వచ్చిన సగటును 1.10తో భాగిస్తే సముద్ర మట్టపు వేగానికి దగ్గరగా వస్తుంది. మూడవ మెట్టులో మీ బరువుకు లెక్కించిన వేగంతో ఇది ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో సరిపోవాలి. చాలా తక్కువ వస్తే ముందు బ్రేకు పొడవును, తర్వాత లైన్ల కొలతలను అనుమానించండి.

వింగు పెద్దదైందని చెప్పే గుర్తులు ఇవి: బ్రేకు ఒత్తిడి మెత్తగా, అస్పష్టంగా ఉంటుంది; థర్మల్‌లోకి వెళ్లేటప్పుడు వింగు లోపలికి కోసుకుపోకుండా బయటికి నెట్టేసినట్టు అనిపిస్తుంది; రెక్క చివరలు తరచూ ముడుచుకుంటాయి; బిగ్ ఇయర్స్ పెట్టినా (దిగడానికి రెక్క చివరలను కావాలని ముడిచినా) దిగడం నెమ్మదిగా ఉంటుంది. చిన్నదైతే ల్యాండింగులో వేగం మిమ్మల్ని పరుగెత్తిస్తుంది, మీ తరగతి వింగుల మీద ఉన్న తోటివారు పైకి పోతున్న తేలికైన థర్మల్‌లో మీరు ఒక్కరే కిందికి దిగుతుంటారు, మలుపులో కొద్దిపాటి బ్రేకుకే గట్టిగా ఒరుగుతుంది. ఒక్క ఫ్లైట్‌తో నిర్ణయానికి రావద్దు. కనీసం ఐదారు ఫ్లైట్లు వేర్వేరు గాలుల్లో చేసి, ప్రతిదానికీ పూర్తి బరువు రాసుకోండి.

తరచూ చేసే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది “పెద్దదైతే సేఫ్” అనే నమ్మకం. నా మొదటి ఇంటర్మీడియట్ వింగును అమ్మినవారు ఆ మాటే చెప్పి ఒక సైజు పెద్దది అంటగట్టారు. పరిధిలో నా స్థానం 5 శాతం. బీర్‌లో ఒక మధ్యాహ్నం లోయ గాలి పెరిగినప్పుడు ల్యాండింగు మైదానానికి రెండు వందల మీటర్ల దూరంలో గాలిలో నిలిచిపోయాను. స్పీడ్ బార్ పూర్తిగా నొక్కితే అంగుళం అంగుళంగా ముందుకు కదిలాను, రెక్క చివరలు పటపటమని ముడుచుకుంటూ ఉన్నాయి. ఆ సీజనంతా నాకు చేతకావడం లేదనే అనుకున్నాను. తర్వాతి ఏడాది సరైన సైజు మీద అదే మైదానానికి అదే గాలిలో వచ్చినప్పుడు తెలిసింది, లోపం ఎక్కడుందో.

రెండవది దీనికి ఎదురు: వేగం కోసం గరిష్ఠ బరువుకు మించి చిన్న సైజు తీసుకోవడం. అనుభవం ఉన్నవారు పై అంచున ఎగరడం చూసి చేసే పని ఇది. వారికి కొలాప్స్‌ను ఆపే చేతులు ఏళ్ల తరబడి తయారయ్యాయి.

మూడవది సెకండ్ హ్యాండ్ వింగు ధర బాగుందని సైజు విషయంలో సర్దుకుపోవడం. పాత వింగు కొంటే మధ్య సెల్లులో (వింగు గదిలో) లోపల కుట్టిన లేబుల్ చూసి సైజు, బరువు పరిధి, తయారీ సంవత్సరం స్వయంగా చదవండి. చివరి తనిఖీ నివేదికలో గుడ్డ గాలిని ఎంత ఆపుతోందో, లైన్ల పొడవులు ఎంత మారాయో అడగండి. డైనీమా (ఒక రకం గట్టి దారం) లైన్లు వాడకంలో కుంచించుకుపోతాయి, అందులోనూ తక్కువ లోడు పడే వెనక వరుసవి ఎక్కువగా. దానితో వింగు నెమ్మదించి స్టాల్ (వింగు ఎగరడం మానేసే స్థితి) అంచుకు దగ్గరవుతుంది. అలాంటి వింగు మీద మీ సైజు లెక్క ఎంత సరిగా ఉన్నా ఎనిమిదో మెట్టులోని వేగం సరిపోదు. లైన్లను కొలిపించి ట్రిమ్ సరిచేయించాకే మళ్లీ ఎగరండి.

హార్నెస్ మార్చినా, రిజర్వ్ మార్చినా, ఒంటి బరువు మూడు కేజీలు అటూ ఇటూ అయినా మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి మళ్లీ తూచండి. నడిచి కొండెక్కి ఎగరడానికి తేలికైన హార్నెస్ కొన్న స్నేహితుడు ఒక్క మార్పుతో నాలుగు కేజీలు తగ్గి, 50 శాతం నుంచి 30 శాతానికి వచ్చాడు; వింగు పాడైందేమోనని నెల రోజులు వెతికాక కాటా ఎక్కాడు.